ప్రొబేషన్ గట్టెక్కని ఉద్యోగి: చట్టం ఎంతవరకు తోడుంటుంది?

శాశ్వతంగా ఖాళీగా ఉన్న ఒక పోస్టులో ఒక మనిషిని తాత్కాలికంగా చేర్చుకుని, ఆ పనికి అతడు తగినవాడా కాదా అన్నది తేల్చుకోవడానికి యజమాని పెట్టుకునే గడువునే ప్రొబేషన్ అంటారు. ఈ నిర్వచనంలో ఖాళీ శాశ్వతమైనదనీ, నియామకం మాత్రమే తాత్కాలికమనీ గుర్తించడం అవసరం, ఎందుకంటే పని పూర్తికాగానే ముగిసిపోయే తాత్కాలిక కొలువుకూ, ఇంకొకరు సెలవు పెట్టినప్పుడు చేసే బద్లీ పనికీ, నేర్చుకోవడానికి చేరే అప్రెంటిస్ శిక్షణకూ, ప్రొబేషన్‌కూ మధ్య తేడా అక్కడే ఉంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి హక్కులేవీ ఉండవని యాజమాన్యాలు అనుకోవడం ఎంత పొరపాటో, గడువు ముగిసిన మర్నాటి నుంచి ఉద్యోగం దానంతట అదే పర్మినెంట్ అయిపోతుందని ఉద్యోగులు అనుకోవడం కూడా చాలా సందర్భాల్లో అంతే పొరపాటు. గత డెబ్బై ఏళ్లుగా న్యాయస్థానాలు ఈ రెంటికీ మధ్య ఒక దారి వేస్తూ వచ్చాయి, అయితే ఆ దారి అన్ని చోట్లా ఒకే వెడల్పున లేదు.

చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్‌ను ఆనుకుని ఉన్న బామ్ని ఈ తేడాలను చూడడానికి అనువైన చోటు. ఇక్కడి నుంచి ఒక దారి వర్ధా నది దాటి, రాజురా మీదుగా తెలంగాణ సరిహద్దుకూ ఆసిఫాబాద్‌కూ పోతుంది. పక్కనే 1945లో మొదలైన కాగితపు కంపెనీ చుట్టూ పెరిగిన బల్లార్‌పూర్ పట్టణం ఉంది. నది అవతల వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థకు చెందిన సాస్తి బొగ్గు గనులున్నాయి. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగంగా ఉండేది కనుక ఈ ప్రాంతంలో తెలుగు ఇంటి భాషగా ఉన్న కార్మిక కుటుంబాలు ఉండడంలో ఆశ్చర్యం లేదు. బామ్నిలో ఒకే వాడకు చెందిన ముగ్గురిలో ఒకరు బల్లార్‌పూర్‌లో రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని కర్మాగారంలోనూ, మరొకరు సాస్తి గనిలోనూ, మూడో మనిషి కాగజ్‌నగర్‌లో ఒక దుకాణంలోనూ ప్రొబేషన్ మీద చేరి, ముగ్గురూ ఒకే రోజున ఉద్యోగం పోగొట్టుకున్నారని అనుకుంటే, వారికి వర్తించే నిబంధనలూ, వెళ్లవలసిన కార్యాలయాలూ, ఫిర్యాదుకు ఉండే గడువులూ మూడు రకాలుగా ఉంటాయి. కార్మికుడి ఇల్లు ఎక్కడున్నదన్న దానితో గాని, అతడి మాతృభాషతో గాని చట్టానికి నిమిత్తం లేదు. పని ఎక్కడ జరుగుతుంది, ఆ పరిశ్రమ ఏ ప్రభుత్వ పరిధిలోనిది అన్నవే అది చూస్తుంది.

మొదట గడువు సంగతి. పరిశ్రమల్లో ఉద్యోగ నిబంధనలను యజమాని ముందుగానే రాతపూర్వకంగా ప్రకటించి, అధికారి చేత ధ్రువీకరింపజేసుకోవాలని 1946 నాటి పారిశ్రామిక ఉద్యోగ చట్టం విధించింది. ఆ నిబంధనలనే స్టాండింగ్ ఆర్డర్లు అంటారు. యజమాని సొంతంగా నిబంధనలు చేసుకోని చోట ప్రభుత్వం తయారు చేసిన మాదిరి నిబంధనలు వర్తిస్తాయి. కేంద్రం రూపొందించిన మాదిరి నిబంధనల్లో ప్రొబేషనర్ అంటే శాశ్వత ఖాళీలో తాత్కాలికంగా చేరి మూడు నెలల సర్వీసు పూర్తిచేయని కార్మికుడు. మహారాష్ట్ర మాదిరి నిబంధనలు ఇంకొక అడుగు ముందుకు వేసి, మూడు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ప్రొబేషనర్‌ను ఆ గడువు ముగిసిన ఏడు రోజుల్లోగా మేనేజర్ రాతపూర్వకమైన ఉత్తర్వుతో పర్మినెంట్ చేయాలనీ, పని తృప్తికరంగా లేదనుకుంటే గడువు ముగిశాక అతడి సేవలను ముగించవచ్చుననీ చెప్పాయి. అంతకన్నా ఎక్కువ గడువును 1977 నాటి సవరణకు ముందే ధ్రువీకరించుకుని ఉన్న సంస్థలకు మాత్రం మినహాయింపు ఇచ్చాయి. అపాయింట్‌మెంట్ ఆర్డర్లలో ఆరు నెలలనీ ఏడాదనీ రాయడం ఇప్పుడు వాడుకైపోయింది గాని, స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే కర్మాగారంలో ఆ కాగితం మీది గడువుకూ స్టాండింగ్ ఆర్డర్ల గడువుకూ పొంతన లేనప్పుడు, కార్మికుడు ఆధారపడవలసింది రెండో దాని మీద. కార్మికులు ఈ సంగతి గమనించకపోవడానికి ఒక కారణం భాష. స్టాండింగ్ ఆర్డర్లను ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలని పాత చట్టం చెప్పింది. బల్లార్‌పూర్ ప్రాంతంలో ఆ ఎక్కువమంది భాష సహజంగా మరాఠీయో హిందీయో అవుతుంది తప్ప తెలుగు కావడం అరుదు. తెలుగు మాత్రమే చదవగలిగిన కార్మికుడికి తన హక్కు గోడ మీదే ఉన్నా కనిపించదు.

ఈ రక్షణ ఎందరికి అందుతుందన్నది వేరే ప్రశ్న. పాత చట్టం కింద కేంద్రం పెట్టిన కనీస సంఖ్య నూరుమంది కార్మికులు కాగా మహారాష్ట్ర దానిని యాభైకి తగ్గించుకుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ సంఖ్యను ఏకంగా మూడు వందలకు పెంచింది. అంటే రెండు వందలమంది పనిచేసే ఒక మధ్య తరహా కర్మాగారంలో ప్రొబేషన్ ఎంతకాలం ఉండాలో ఇకపై ప్రధానంగా అపాయింట్‌మెంట్ ఆర్డరే నిర్ణయిస్తుంది. మూడు వందలకు తక్కువమంది ఉన్న సంస్థల్లోనే కొత్తగా పనిలో చేరేవారు ఎక్కువ కాబట్టి, ప్రొబేషనర్ వైపు నుంచి చూస్తే ఇది వెనక్కి వేసిన అడుగేనని చెప్పక తప్పదు.

గడువు ముగిసినా యాజమాన్యం కన్ఫర్మ్ చేయక, తీసివేయక మౌనంగా ఉండిపోతే ఉద్యోగి స్థితి ఏమిటన్నది తరచూ ఎదురయ్యే చిక్కు. 1964లో మదురైకి చెందిన ఒక పత్రికా సంస్థ కేసులో సుప్రీంకోర్టు, ఆరు నెలల ప్రొబేషన్ ముగిశాక ఉత్తర్వు ఏదీ లేకుండా కొనసాగినవాడు ప్రొబేషనర్‌గానే కొనసాగినట్టు లెక్క అని చెప్పింది. 1968లో పంజాబ్ ప్రభుత్వానికి సంబంధించిన ధరమ్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికొక హద్దు గీసింది: ప్రొబేషన్‌ను గరిష్ఠంగా ఇన్నేళ్లకు మించి పొడిగించరాదని నిబంధనలే స్పష్టంగా చెప్పినప్పుడు, ఆ గరిష్ఠ గడువు దాటాక కూడా ఉద్యోగిని కొనసాగించారంటే అతడిని కన్ఫర్మ్ చేసినట్టే భావించాలి. మధ్యప్రదేశ్ హైకోర్టు ఒక పక్షంగా ఉన్న 2001 నాటి కేసులో సుప్రీంకోర్టు ఈ తీర్పులన్నిటినీ ఒక చోటికి చేర్చి, పొడిగింపుకు గరిష్ఠ పరిమితి లేని నిబంధనలనూ, పరిమితి ఉన్న నిబంధనలనూ, పరిమితి ఉన్నా పరీక్ష పాస్ కావడం వంటి షరతు పెట్టి కన్ఫర్మేషన్‌కు ప్రత్యేక ఉత్తర్వు అవసరమన్న నిబంధనలనూ విడదీసి చూపింది. వీటిలో రెండో రకంలో మాత్రమే ఉద్యోగి తన ఉద్యోగం దానంతట అదే పర్మినెంట్ అయినట్టు వాదించగలడు. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు తన ఉద్యోగ నిబంధనల్లో ‘గరిష్ఠంగా’ అన్న మాట ఉందా లేదా అన్న దాంట్లోనే దొరుకుతుంది.

అదే మదురై తీర్పు చెప్పిన మరొక సంగతికి రావలసినంత ప్రచారం రాలేదు. ఆరు నెలల ప్రొబేషన్ అని రాసి, వేరే షరతు ఏదీ పెట్టకుండా నియమించిన యజమానికి, ఆ ఆరు నెలలు నిండకముందే ఉద్యోగిని తీసివేసే హక్కు ఉండదు. దుష్ప్రవర్తన గాని, పర్మినెంట్ ఉద్యోగినైనా తొలగించదగినంత బలమైన ఇతర కారణం గాని ఉంటేనే అలా చేయవచ్చు. ఈ తీర్పు తర్వాత యాజమాన్యాలు తెలివిగా ‘ఎప్పుడైనా, నోటీసు లేకుండా’ అనే వాక్యాన్ని అపాయింట్‌మెంట్ ఆర్డర్లలో చేర్చడం మొదలుపెట్టాయని, నేటి ఆర్డర్లను చూస్తే అనుకోవలసి వస్తుంది.

ఇక అసలు విషయం, అంటే తొలగింపుకు చెల్లుబాటు అయ్యే కారణమేది, చెల్లనిదేది అన్నది. ఒక వ్యక్తి పనికి సరిపోడని యజమాని నిజాయితీగా నిర్ణయించుకుంటే, విచారణ జరపకుండానే ప్రొబేషనర్‌ను పంపించివేయవచ్చు. దానిని శిక్షగా చట్టం చూడదు. అయితే ఉద్యోగి తప్పు చేశాడన్న ఆరోపణ మీద పంపిస్తే అది శిక్ష అవుతుంది, శిక్ష వేసే ముందు ఆరోపణ ఏమిటో చెప్పి, జవాబు విని, విచారించాలి. ప్రభుత్వోద్యోగుల విషయంలో రాజ్యాంగంలోని 311వ అధికరణం ఈ రక్షణను ఇస్తుంది. ఈ సూత్రానికి పునాది 1957లో వెలువడిన పురుషోత్తం లాల్ ధింగ్రా కేసు తీర్పు. దానిని బలపరిచింది 1974లో ఏడుగురు న్యాయమూర్తులు పంజాబ్‌కు చెందిన ఇద్దరు ప్రొబేషనరీ న్యాయాధికారుల విషయంలో ఇచ్చిన షంషేర్ సింగ్ తీర్పు. ఉత్తర్వు పైకి ఎంత మెత్తగా రాసి ఉన్నా, దాని వెనక ఉన్నది శిక్షే అయితే కోర్టు ఆ తెర తొలగించి చూడగలదని ఆ తీర్పు చెప్పింది.

తెర తొలగించడం అంటే ఏమిటో చెప్పే కేసు హైదరాబాద్ నుంచే వచ్చింది. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీలో 1981 జూన్‌లో ఒక వానపొద్దున, శిక్షణలో ఉన్న ఐ.పి.ఎస్. ప్రొబేషనర్లు వ్యాయామానికి ఆలస్యంగా వచ్చారు. దానిని అకాడమీ తీవ్రంగా తీసుకుని కొందరి నుంచి సంజాయిషీలు అడిగింది, వారిలో ఒకరిని మిగతావారిని రెచ్చగొట్టినవాడిగా భావించింది, అయితే అతడి మీద క్రమబద్ధమైన విచారణ ఏదీ జరపలేదు. అదే ఏడాది నవంబర్‌లో కేంద్ర ప్రభుత్వం అతడు ఆ సర్వీసుకు తగడని ఏ ఆరోపణా పేర్కొనకుండా ఒక చిన్న ఉత్తర్వుతో తప్పించింది. ఉత్తర్వులో ఎక్కడా తప్పు అన్న మాట లేదు గనుక ఇది శిక్ష కాదని ప్రభుత్వం వాదించింది, ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను అంగీకరించింది. 1984 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం అకాడమీ డైరెక్టర్ సిఫారసును, ఆ ఉదయం జరిగిన సంఘటనను, ఆ సంఘటనలో పాల్గొన్న మిగతావారికి పట్టిన గతిని పక్కపక్కన పెట్టి చూసి, ఆ ఉదయపు సంఘటన లేకపోతే ఈ ఉత్తర్వు పుట్టేదే కాదని తేల్చింది. ఆరోపణే ఉత్తర్వుకు పునాది అయినప్పుడు విచారణ లేకుండా తీసివేయడం చెల్లదని చెప్పి, అతడిని తిరిగి సర్వీసులోకి తీసుకోమని ఆదేశించింది. శాశ్వతోద్యోగిగా ఇంకా కుదురుకోని ఒక శిక్షణార్థి కొన్ని నిమిషాల ఆలస్యం మీద జరిగిన వ్యాజ్యంలో దేశ ప్రభుత్వంపై గెలవడం, ప్రొబేషనర్‌కు హక్కులు లేవనే వాదానికి దొరికిన గట్టి జవాబు.

అయితే ఈ తీర్పును చూసి ప్రతి తొలగింపూ చెల్లదనుకోకూడదు. న్యాయస్థానాలు ‘పునాది’, ‘ప్రేరణ’ అనే రెండు మాటల మధ్య గీత గీస్తాయి. యజమానికి ఉద్యోగి మీద ఫిర్యాదులు వచ్చి, వాటిని లోతుగా విచారించకుండా ‘ఇతడితో మనకెందుకు’ అనుకుని ఊరుకుంటే ఆ ఫిర్యాదులు ప్రేరణ మాత్రమే, తొలగింపు చెల్లుతుంది. ఉద్యోగి వెనకాల విచారణ జరిపి, అతడు తప్పు చేశాడని తేల్చుకుని, ఆ తేల్చుకున్నదాని మీద తీసివేస్తే అది పునాది, తొలగింపు చెల్లదు. 2001లో లక్నోలోని సంజయ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దీనిని మూడు ప్రశ్నలుగా కుదించింది: పూర్తిస్థాయి విచారణ జరిగిందా, ఆ విచారణ నీతికి సంబంధించిన లేదా దుష్ప్రవర్తనకు సంబంధించిన ఆరోపణల మీదనా, చివరికి తప్పు చేశాడని తేల్చారా, మూడూ ఉంటేనే తొలగింపును శిక్షగా పరిగణించాలి. దీనివల్ల ఒక వింత పరిస్థితి ఏర్పడింది. విచారణ జరిపిన యజమాని దోషి అవుతాడు, అసలే విచారించనివాడు తప్పించుకుంటాడు. న్యాయం కోసం వేసిన గీత కొన్నిసార్లు అడగకపోవడానికే బహుమతి ఇస్తుందన్న విమర్శలో బలం లేకపోలేదు. ‘పని తృప్తికరంగా లేదు’ అన్న మాట కళంకం కాదని కోర్టులు మళ్లీమళ్లీ చెప్పాయి కాబట్టి యజమానుల లాయర్లు ఉత్తర్వులను ఆ ఒక్క మాట దగ్గరే ఆపేస్తారు.

పనితీరు మీద తీసివేసేటప్పుడు కూడా యజమానికి ఒక బాధ్యత ఉంది. 1989లో ఒక వైద్యురాలి కేసులో, ప్రొబేషన్ మీద గాని తాత్కాలికంగా గాని ఉన్న ఉద్యోగికి లోపాలను ముందుగా తెలియజేసి దిద్దుకునే అవకాశం ఇవ్వకుండా, హఠాత్తుగా పని బాగాలేదనడం న్యాయం కాదని సుప్రీంకోర్టు అన్నది. ఆచరణలో ఇది మెమోలూ, మదింపు పత్రాలూ, సూపర్‌వైజర్ ఇచ్చిన రాతపూర్వకమైన సూచనలూ ఉన్నాయా లేవా అన్న ప్రశ్నగా మారుతుంది. ఆరు నెలల పాటు ఒక్క మెమో కూడా అందుకోని మనిషిని ఏడో నెలలో అసమర్థుడనడం నమ్మశక్యంగా ఉండదు, అదే లేబర్ కోర్టులో అతడి వాదనకు మొదటి ఆధారం అవుతుంది.

కార్మికులు ఎక్కువగా నమ్మే మరొక అంకె 240. పన్నెండు నెలల్లో 240 రోజులు, భూగర్భ గనుల్లో అయితే 190 రోజులు పనిచేసినవారిని ఏడాది పాటు ఎడతెగని సర్వీసు చేసినవారిగా చట్టం లెక్కిస్తుంది. అలాంటివారిని రిట్రెంచ్ చేయాలంటే, అంటే శిక్షగా కాకుండా వేరే కారణంతో తొలగించాలంటే, నెల రోజుల నోటీసు లేదా నెల జీతం, పూర్తయిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ రక్షణ కొత్త కోడ్‌లోనూ కొనసాగుతోంది. ప్రొబేషన్‌లో ఉంటూనే 240 రోజులు దాటినవాడికి ఇది వర్తిస్తుందా? మచిలీపట్నం జీవిత బీమా డివిజన్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1994లో దీనికి జవాబు చెప్పింది. ఆ ఉద్యోగి 1984 మేలో ఏడాది ప్రొబేషన్ మీద చేరాడు, మరో ఏడాది పొడిగించారు, రెండో ఏడు ముగియడానికి కొద్ది రోజుల ముందు తొలగించారు. అతడు 240 రోజుల సూత్రాన్ని ఆశ్రయించాడు. ఒప్పందంలోనే ఉన్న షరతు ప్రకారం సేవలు ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కాదని 1984లో చట్టానికి చేర్చిన మినహాయింపును కోర్టు ఎత్తిచూపి, ప్రొబేషన్ షరతు కింద జరిగిన తొలగింపు ఆ మినహాయింపులోకే వస్తుందని తేల్చి, అతడి వాదనను తోసిపుచ్చింది. ఈ ఒక్క తీర్పుతో 240 రోజుల మీద పెట్టుకున్న ఆశ ప్రొబేషనర్ల వరకు చాలామేర సన్నగిల్లింది. బద్లీ, తాత్కాలిక కార్మికులకు మాత్రం మహారాష్ట్ర మాదిరి నిబంధనల్లో 240 రోజుల తర్వాత పర్మినెంట్ చేయాలన్న వేరే హామీ ఉంది, ఈ రెంటినీ కలిపి చెప్పుకోవడం వల్లనే కార్మిక వాడల్లో గందరగోళం పుడుతోంది.

నోటీసు విషయంలోనూ నిజం చేదుగానే ఉంటుంది. కేంద్రం రూపొందించిన మాదిరి స్టాండింగ్ ఆర్డర్లలో ప్రొబేషనర్‌కు నోటీసుగాని, దాని బదులు జీతంగాని ఇవ్వనక్కరలేదని రాసి ఉంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో నోటీసు గడువు ఉంటే అది యజమానిని కట్టిపడేస్తుంది. ఈ విషయంలో మన ముగ్గురిలో కాగజ్‌నగర్ దుకాణంలో చేరిన మనిషి కొంత మెరుగైన స్థితిలో ఉంటాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చి ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలవుతున్న దుకాణాలు, సంస్థల చట్టం, ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా తీసివేసేటప్పుడు నెల రోజుల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలనీ, ఏడాది దాటితే ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలనీ విధించింది. ఆ చట్టం అడిగేది పనిచేసిన కాలం. యజమాని దానికి ప్రొబేషన్ అని పేరు పెట్టాడా లేదా అన్నది అది అడగదు.

ఉద్యోగం పోయినా పోకున్నా, పనిచేసిన రోజుల మీద ప్రొబేషనర్‌కున్న హక్కులు పర్మినెంట్ ఉద్యోగివాటికి తక్కువేమీ కావు. తొలగించినా రాజీనామా చేసినా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లోగా చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. నెలాఖరు దాకా ఆగమనడానికి వీలు లేదు. భవిష్యనిధి సభ్యత్వానికి పాత కాలంలో ఉన్న నిరీక్షణ గడువు ఎప్పుడో రద్దయింది గనుక, ఆ చట్టం వర్తించే సంస్థలో చేరిన మొదటి నెల నుంచే యజమాని వాటా జమ కావాలి. ప్రసూతి ప్రయోజనానికి ముందటి పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉంటే చాలు, ప్రొబేషన్‌లో ఉందన్న కారణంతో ఒక స్త్రీని ఆ సెలవుకు అనర్హురాలిని చేయడం గాని, ఆ సెలవులో ఉండగా తొలగించడం గాని చట్టవిరుద్ధం.

ప్రభుత్వమే యజమాని అయినప్పుడు ప్రొబేషన్ ఎలా సాగుతుందో తెలుగు రాష్ట్రాలు ఇటీవలే చూశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ నుంచి గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరిన లక్షకు పైగా ఉద్యోగులు రెండేళ్ల ప్రొబేషన్‌లో నెలకు 15,000 రూపాయల స్థిర వేతనం మీద పనిచేశారు. రెండేళ్లు నిండినా ప్రకటన రాకపోవడంతో 2022 జనవరిలో నిరసనకు దిగారు, చివరికి ఆ ఏడాది జూన్‌లో ప్రొబేషన్ ఖరారు చేస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. తెలంగాణలో 2018 నోటిఫికేషన్ కింద 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టుల్లో నియమితులైనవారికి మూడేళ్ల ప్రొబేషన్ అన్నారు, దానిని నాలుగేళ్లకు పెంచారు, 2023 ఏప్రిల్ చివర వారు సమ్మె చేశాక పనితీరును మదింపు చేసి క్రమబద్ధీకరించే ప్రక్రియ మొదలైంది. ఈ రెండు చోట్లా ఉద్యోగులు పోరాడింది తొలగింపు మీద కాదు, ముగింపు లేని గడువు మీద. ప్రొబేషన్ తప్పడం కన్నా ప్రొబేషన్ తేలకపోవడమే ఎక్కువమందిని బాధించిందని దీనివల్ల తెలుస్తుంది.

విదేశాల్లోనూ చట్టాలు ఇదే చిక్కుతో పెనుగులాడాయి. 1982లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 158వ ఒడంబడిక, ముందుగానే నిర్ణయించి, సహేతుకమైన నిడివి ఉన్న ప్రొబేషన్‌కు మాత్రమే తొలగింపు రక్షణల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునన్నది. భారతదేశం దానిని ఆమోదించలేదు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వేలమంది వెళ్లే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో, 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రొబేషన్‌ను ఆరు నెలలకు పరిమితం చేసి, ఆ కాలంలో తొలగించాలన్నా యజమాని పద్నాలుగు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని విధించింది. ప్రొబేషనర్‌కు నోటీసే అక్కరలేదన్న మన మాదిరి నిబంధనతో పోల్చినప్పుడు, గల్ఫ్ చట్టాల మీద మనకున్న అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వస్తుంది.

ఇక మిగిలింది ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న. బల్లార్‌పూర్‌లోని రాష్ట్ర పరిధి కర్మాగారంలో తొలగింపుకు గురైన కార్మికుడికి మహారాష్ట్రకు ప్రత్యేకమైన ఒక చట్టం అందుబాటులో ఉంది. 1971లో చేసిన ఈ చట్టం, కార్మిక సంఘాల గుర్తింపుతో పాటు యజమానుల అన్యాయమైన పద్ధతులను నివారించడానికి ఉద్దేశించినది. కక్షతో తొలగించడం, హక్కును వాడుతున్నట్టు నటిస్తూ దురుద్దేశంతో తొలగించడం, స్పష్టంగా అబద్ధమైన కారణాలు చూపడం, చిన్న తప్పుకు విపరీతమైన శిక్ష వేయడం వంటివాటిని దాని నాలుగో షెడ్యూల్‌లో అన్యాయమైన పద్ధతులుగా పేర్కొన్నారు. ప్రభుత్వం వివాదాన్ని కోర్టుకు పంపేదాకా ఎదురుచూడకుండా కార్మికుడే నేరుగా లేబర్ కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు, మధ్యంతర ఉపశమనం కోరవచ్చు. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ రద్దు చేసిన మూడు చట్టాల్లో ఈ రాష్ట్ర చట్టం లేదు. అయితే కాంట్రాక్టరు కింద పనిచేసేవారు తమను అసలు కంపెనీ ఉద్యోగులుగా ఈ కోర్టులో నిరూపించుకోలేరని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, తనకు అపాయింట్‌మెంట్ ఇచ్చింది ఎవరో కార్మికుడు ముందు చూసుకోవాలి.

సాస్తి గనిలో పనిచేసిన మనిషికి ఈ మార్గం లేదు. బొగ్గు గనులు కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి గనుక మహారాష్ట్ర చట్టం వారికి వర్తించదు; వారు కేంద్ర కార్మిక శాఖకు చెందిన రాజీ అధికారిని, అక్కడ తేలకపోతే నాగ్‌పూర్‌లోని కేంద్ర పారిశ్రామిక ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. మేనేజర్ హోదాలో, లేదా నిర్ణీత వేతనానికి మించి సూపర్‌వైజర్ హోదాలో చేరినవారు ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి రారు. ప్రైవేటు సంస్థలో వారికి మిగిలేది సివిల్ కోర్టులో ఒప్పంద ఉల్లంఘనకు నష్టపరిహారం మాత్రమే, ఎందుకంటే ఇష్టంలేని యజమాని దగ్గర మనిషిని పనిలో పెట్టించే అధికారం సాధారణంగా ఆ కోర్టుకు లేదు.

ప్రొబేషన్‌లో ఉన్నవారు అపాయింట్‌మెంట్ ఆర్డర్, జీతం చీటీలు, హాజరు వివరాలు, వచ్చిన ప్రతి మెమో, దానికి ఇచ్చిన జవాబు నకలు ఇంటి దగ్గర భద్రంగా ఉంచుకోవాలి. తొలగింపు ఉత్తర్వు చేతికి వచ్చినప్పుడు దాని మీద తేదీ వేసి మాత్రమే సంతకం చేయాలి, దానిని రాజీనామాగా రాసి ఇమ్మంటే ఇవ్వకూడదు. రాష్ట్ర పరిధి కర్మాగారంలో మహారాష్ట్ర చట్టం కింద ఫిర్యాదుకు ఉన్న గడువు 90 రోజులు. ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు, మన్నించకపోవచ్చు కూడా.